ఎవరో ఒక అమ్మాయి

టీచరమ్మ పోయాక జరిగిన ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆవిడ గురించి చాలాసేపు మాట్లాడారు. ప్రార్థనాపరురాలని, భర్త చిన్నవయసులోనే పోయినా విశ్వాసంలో నిలబడిందని, సండేస్కూల్లో రెండు తరాల పిల్లలకు వాక్యం నేర్పిందని చెప్పారు. అన్నీ నిజాలే. కానీ సినిమా అన్న మాట ఒక్కసారైనా రాలేదు. షామియానా కింద వెనక వరసలో కూర్చుని నేను ఆ మాట కోసమే ఎదురుచూశాను. అది రాకపోయేసరికి, ఆయన చెబుతున్నది నాకు పరిచయం లేని మరెవరి గురించో అనిపించింది. అందుకే ఇది రాస్తున్నాను.

నాకు దర్శి బళ్ళో ఉద్యోగం వచ్చినప్పుడు ఆవిడ ఇంట్లో ముందు వాటా అద్దెకు తీసుకున్నాను. అప్పటికే ఆవిడ రిటైరై చాలా ఏళ్ళయింది. అయినా ఊరంతా టీచరమ్మ అనే పిలిచేది. అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా కనబడేది కాదు. మాది చిలకలూరిపేట దగ్గర పత్తి వేసే కుటుంబం. నేను శనివారాలు గుడికి వెళ్ళేదాన్ని, ఆవిడ ఆదివారాలు చర్చికి వెళ్ళేది. మా ఇద్దరికీ కుదిరింది మాత్రం టీవీ ముందు.

ఆవిడకు ఒక నటి అంటే ప్రాణం. ఆ నటి పేరు ఇక్కడ రాయను; టీచరమ్మ కూడా పేరుతో పిలిచేది కాదు, "మా అమ్మాయి" అనేది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు. వయసులో ఉన్నప్పుడు ఆ నటి సినిమా వచ్చిందంటే, ఊళ్ళో చూస్తే, సినిమాలు పాపమనే చర్చి సంఘం వాళ్ళ కంటబడతానని, కంటి పరీక్ష ఉందని చెప్పి చిలకలూరిపేటలో ఉండే అక్క దగ్గరికి బస్సెక్కేదట. హాల్లో లైట్లు ఆరేదాకా నెత్తిన కొంగు కప్పుకుని కూర్చునేదట. ఒకసారి ఇంటర్వెల్లో లైట్లు వెలిగేసరికి ముందు వరసలో ఇద్దరు సంఘపెద్దల భార్యలు అచ్చం అలాగే కొంగు కప్పుకుని కనబడ్డారు. ముగ్గురూ ఒకరినొకరు చూసుకుని, ఎవరి కళ్ళు ఎలా ఉన్నాయో పరామర్శించుకుని, మళ్ళీ కూర్చున్నారు. ఇది చెప్పినప్పుడల్లా కళ్ళజోడు తీసి తుడుచుకునేంతగా నవ్వేది.

ఆ నటికి జబ్బు చేసిందని పేపర్లో చూసిన ఒక ఆదివారం, చర్చిలో ప్రార్థన విన్నపాల సమయంలో లేచి, తనకు బాగా కావలసిన ఒక సహోదరి మద్రాసు ఆసుపత్రిలో ఉందని చెప్పింది. ఎవరని ఎవరూ అడగలేదు. సంఘమంతా మోకరించి, పొగాకు బేళ్ళు మోసేవాళ్ళూ మిరప కోతలకు వెళ్ళేవాళ్ళూ కలిసి ఆ సినిమాతార ఆరోగ్యం కోసం కన్నీళ్ళతో ప్రార్థించారు. మరుసటి వారం సహోదరి ఇంటికి చేరిందని సాక్ష్యం చెబితే అందరూ స్తోత్రం అన్నారు. అందులో అబద్ధం ఎక్కడుందో చూపించమని నన్ను నిలదీసేది.

ఇదంతా సరదా. సరదా కానిది ఒకటుంది. అది ఆవిడ గొంతు.

పుట్టుకతో టీచరమ్మది మా వైపు గొంతే. పొలం ఈ గట్టు నుంచి ఆ గట్టుకు వినబడేలా మాట్లాడే ఇల్లు వాళ్ళది. ఆవిడ మాత్రం తగ్గించి మాట్లాడేది. ఏదైనా గట్టిగా తేల్చవలసి వచ్చినప్పుడు ఇంకా తగ్గించేది. హెడ్మాస్టరైనా, కరెంటు లైన్‌మనైనా, ఆపవలసిన చోట బస్సు ఆపని డ్రైవరైనా అందరికీ ఒకటే మాట చెప్పేది.

"నేను అడగడం లేదండీ."

అక్కడ ఆగేది. ఎదుటివాడు ఏదో అందామని నోరు తెరిచి, మళ్ళీ మూసుకునేంత సేపు ఆగేది.

"చెబుతున్నాను."

అంతే. ఆ తరువాత ఎవరూ ఏమీ అనగా నేను చూడలేదు. కరెంటు పోయినప్పుడు మా వీధి వాళ్ళు ఆఫీసుకు ఫోన్ చేసేవాళ్ళు కాదు, టీచరమ్మను పంపేవాళ్ళు.

ఆ మాట ఆ నటి సినిమాలోది. టీచరమ్మకు పెళ్ళయిన రెండో ఏడే భర్త ట్రంకు రోడ్డు మీద లారీ ప్రమాదంలో పోయాడు. అప్పటికి ఆవిడ గుంటూరులో టీచరు ట్రైనింగు సగం చదివింది. మామగారు చదువు చాలించమన్నాడు. మిరప కోతలకు ఇంట్లో మనిషి తక్కువైందని, విధవరాలు ఊళ్ళు తిరిగితే సంఘంలో తలెత్తుకోలేమని ఆయన గోడు. ఆ దిగుల్లో ఉన్న చెల్లెల్ని చూసి, స్పిన్నింగు మిల్లులో పనిచేసే అక్క పేటకు తీసుకెళ్ళి, ఎవరేమనుకున్నా సరేనని మ్యాట్నీకి తీసుకుపోయింది. అందులో ఆ నటి గుమ్మంలో నిలబడి ఇంటి పెద్దలతో ఆ మాట అంటుంది. టీచరమ్మ తిరిగి వచ్చిన మర్నాడు వసారాలో మామగారి ముందు నిలబడి, "నేను అడగడం లేదు మామయ్యా, చెబుతున్నాను" అంది. ఆయన చుట్ట నోట్లోంచి తీసి, చాలాసేపు చూసి, మళ్ళీ పెట్టుకున్నాడట. అత్తగారు లోపలికి వెళ్ళి పెట్టెలో కోడలి చీరలు సర్దింది. ఉద్యోగం, జీతం, ఈ ఇల్లు, తరువాత వచ్చిన బతుకంతా ఆ వసారాలోనే మొదలైందని ఆవిడ నమ్మకం. ఆ నటి రుణం తీరేది కాదనేది.

అందుకే ఆ నటి తన జీవితకథ రాసిందని తెలిసినప్పుడు టీచరమ్మ సంబరం చెప్పతరం కాదు. నా ఫోనులో నేనే ఆర్డరు పెట్టాను. పుస్తకం వచ్చేదాకా రోజూ సాయంత్రం గేటు దగ్గరే కుర్చీ. వచ్చాక పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి, చేతులు కడుక్కుని, కళ్ళజోడు తుడిచి మొదలుపెట్టింది. తొందరగా అయిపోకూడదని రోజుకు కొంచెమే చదివేది. చదివింది నాకు చెప్పేది.

మొదట్లో అంతా మురిపెమే. నటి చిన్నప్పటి అల్లరి, మొదటి సినిమాలో పడ్డ భయం. తరువాత కుక్కల గురించి చాలా పేజీలు వచ్చాయి. "ఒంటరి మనిషి, కుక్కలు తోడు" అని వెనకేసుకొచ్చింది. ఆ తరువాత విదేశాల్లో తిన్న తిండ్లు, కొన్న ఇళ్ళు, హీరోల మంచితనం, నిర్మాతల పిసినారితనం. టీచరమ్మ చెప్పడం తగ్గింది. ఒకరోజు పుస్తకం ఒళ్ళో బోర్లించి, ఇది ఆ అమ్మాయి రాసింది కాదు, ఎవరో రాసిపెట్టారు, ఒక్క వాక్యంలోనూ మనిషి లేదు అంది. జీవితమంతా పిల్లల వ్యాసాలు దిద్దిన మనిషి కదా. అయినా మానలేదు. తన సినిమా సంగతి ఇంకా రాలేదు.

వచ్చింది. అర పేజీ. ఆ రోజు నేను బడి నుంచి వచ్చేసరికి టీచరమ్మ వసారాలో కూర్చుని ఉంది. ఎదురింటి వాళ్ళు డాబా మీద మిరపకాయలు ఎండబోశారు. వీధంతా ఘాటు. నేను తుమ్ముతూనే పుస్తకం అందుకుని చూశాను. ఆ షూటింగు ఎక్కడో గుంటూరు వైపు పల్లెలో జరిగిందని, పేరు గుర్తులేదని, మిరప ఘాటుకు కళ్ళు మండి ఎప్పుడు బయటపడదామా అనుకున్నానని ఆ నటి రాసింది. అప్పట్లో తనకు తెలుగు సరిగా రాదట. అందుకని తన మాటలన్నీ ఎవరో ఒక అమ్మాయి చెప్పిందట. అంతే. తరువాతి పేరాలో వేరే సినిమా.

నేను ఓదార్చబోయాను. అప్పట్లో చాలామందికి వేరేవాళ్ళే గొంతు ఇచ్చేవాళ్ళు కదా అన్నాను.

"తెలుగు రాకపోవడం తప్పు కాదమ్మాయ్. ఇంకొకళ్ళ చేత చెప్పించుకోవడమూ తప్పు కాదు, అది వాళ్ళ వృత్తి," అంది. "ఎవరో అని రాసింది చూడు. కుక్కలన్నిటికీ పేర్లు రాసింది."

కాసేపటికి మళ్ళీ తనే, నన్ను చూడకుండా అడిగింది. "మరి ఇన్నేళ్ళూ నేను మాట్లాడింది ఎవరి గొంతుతో?"

నేను పుస్తకం మూసి ఆవిడ ఒళ్ళో పెట్టాను.

ఆ తరువాత టీచరమ్మ మాట్లాడటం బాగా తగ్గించింది. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చునేది. వీధిలోవాళ్ళు వచ్చి ఒంట్లో బాగాలేదా అని నన్ను అడిగి వెళ్ళేవాళ్ళు. ఇదేదో ముచ్చటగా ఉందని నేనూ మొదట అనుకున్నాను, పుస్తకం ఒకటి బాగాలేకపోతే ఇంత బెంగా అని. చర్చి కమిటీ సంగతి జరిగాక గాని అది ముచ్చట కాదని నాకు అర్థం కాలేదు.

మిరప కోతల కాలంలో కూలికి వెళ్ళే ఆడవాళ్ళకు ఆదివారమూ పని ఉంటుంది. పొద్దున ఆరాధనకు రాలేరు. వాళ్ళకోసం సాయంత్రం మరో ఆరాధన పెట్టించింది ఎన్నడో టీచరమ్మే. చేతులకు అంటుకున్న కారం కొబ్బరినూనెతో వదిలించుకుని, స్నానాలు చేసి, పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్ళు. ఆ ఏడు కొత్త కమిటీ, రెండు ఆరాధనలు నడపలేమని సాయంత్రంది ఎత్తేసింది. ఆ తీర్మానం చదివినప్పుడు టీచరమ్మ అక్కడే ఉంది. ఒక్క మాట అనలేదు. మర్నాడు కూలికి వెళుతూ నలుగురు ఆడవాళ్ళు మా గేటు దగ్గర ఆగారు. వాళ్ళలో పెద్దామె అడిగింది, "ఏం టీచరమ్మా, నువ్వు కూడా ఏమీ అనలేదంట?" టీచరమ్మ తల వంచుకుని గేటు ముందు ఊడవసాగింది. వాళ్ళు నిష్ఠూరమాడకుండా, ఆటో వచ్చిందని వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం నా వాటాలోకి వచ్చి కూర్చుని, గొంతు ఇచ్చిన ఆ అమ్మాయి ఎవరో కనుక్కోగలవా అని అడిగింది.

పాత సినిమాలు ఇష్టపడేవాళ్ళు ఫేస్‌బుక్కులో గుంపులుగా ఉంటారు. సినిమా పేరు పెట్టి, నాయికకు గొంతు ఇచ్చింది ఎవరని అడిగాను. చాలామంది ఆ నటి అందం గురించి రాశారు. ఒక తెనాలి పెద్దాయన మాత్రం, అది ఫలానా నరసమ్మగారి గొంతు, నాటకాల కుటుంబం, ఇప్పుడు సింగరాయకొండలో మేనకోడలి దగ్గర ఉంటున్నారు అని రాసి, నంబరు సంపాదించి పెట్టారు. టీచరమ్మ నోరు తెరిచింది. మద్రాసో హైదరాబాదో అనుకున్న మనిషి ఒంగోలు దాటితే చాలు, అక్కడే ఉంది. పేరు విని ఇంకా ఆశ్చర్యపోయింది. అంత మెత్తని గొంతు గల మనిషి పేరు మా ఊళ్ళో కూరగాయలమ్మే ఆవిడ పేరే.

రెండో శనివారం బయలుదేరాం. ఒంగోల్లో బస్సు మారాం. టీచరమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, పండుమిరపకాయల పచ్చడి సీసా గుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. ఆ అర పేజీ చదివినప్పటి మొహమే ఇంకా ఉంది.

నరసమ్మగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. బాగా పెద్దవయసు. మోకాళ్ళకు గుడ్డలు చుట్టుకున్నారు. గొంతు పూర్తిగా బొంగురుపోయింది. ఆ గొంతు వినగానే టీచరమ్మ నా వైపు చూసింది, తప్పు ఇంటికి వచ్చామా అన్నట్టు. మేనకోడలు కాఫీ ఇచ్చింది. పచ్చడి సీసా చూసి నరసమ్మగారి కళ్ళు మెరిశాయి. గొంతు కోసమని వయసంతా కారం, పులుపు, చల్లటి నీళ్ళు అన్నీ మానేశారట. ఇప్పుడు కాపాడుకునేందుకు ఏమీ మిగల్లేదు కదా అంటూ మూత తీయించి, వేలితో నాలుక మీద రాసుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే ఇంకొంచెం రాసుకున్నారు.

టీచరమ్మ సినిమా సంగతి ఎత్తింది. నరసమ్మగారికి గుర్తు రాలేదు. కథ చెప్పింది. అయినా రాలేదు. గుమ్మం, పెద్దలు, ఆ నటి కట్టుకున్న చీర రంగు కూడా చెప్పింది. నరసమ్మగారు నొచ్చుకున్నారు. రోజంతా చీకటి గదిలో ఒక సినిమా తరవాత ఒకటి చెప్పేవాళ్ళమని, ఎవరి మాటలు ఎవరివో ఇంటికొచ్చేసరికి కలిసిపోయేవని అన్నారు. టీచరమ్మ పుస్తకం సంగతి చెప్పలేదు. చెబుతుందేమోనని నేను భయపడ్డాను. ఆ "ఎవరో" అన్న మాట ఈవిడ దాకా రాకూడదని అనుకుందేమో, సంచిలో తెచ్చిన పుస్తకం బయటికి కూడా తియ్యలేదు. దానికి బదులు, వసారాలో మామగారి ముందు తను నిలబడ్డ సంగతి చెప్పింది. చెప్పి, ఆ మాట అని చూపించింది. మొత్తం, మధ్యలో ఆగడంతో సహా.

నరసమ్మగారు పచ్చడి సీసా పక్కన పెట్టారు. "ఇంకొకసారి అనమ్మా" అన్నారు. టీచరమ్మ మళ్ళీ అంది. ఈసారి ఆమె కళ్ళు మూసుకుని విన్నారు.

"ఇది నేను చెప్పింది కాదు తల్లీ. అంత ఆగితే బొమ్మ దాటిపోద్ది. తెర మీద పెదవులు ఎప్పుడు కదిలితే అప్పుడే చెప్పాలి, మూసుకుంటే ఆపెయ్యాలి. ఆ అమ్మాయి గబగబా అనేసి ఉంటది, నేనూ గబగబా అనేసి ఉంటాను. ఆ మధ్యలో ఆగావే, అది నాకు ఎవరూ ఇవ్వలేదు. అది నీదే."

టీచరమ్మ మంచం దగ్గరికి వంగి ఆవిడ చేతులు రెండూ పట్టుకుని కూర్చుంది. మేనకోడలు భోజనానికి లేవమనేదాకా వదల్లేదు. తిరుగు బస్సులో టంగుటూరు దాటాక నోరు విప్పింది. మామయ్య చుట్ట తీసి తన వైపు చూస్తుంటే తరువాతి మాట నోటికి రాలేదని, భయంతో గొంతు ఎండిపోయి అందుకే ఆగిందని, ఆ ఆగినందుకే ఆయన తగ్గాడేమోనని అంది. ఇన్నేళ్ళలో అది తనకెప్పుడూ తట్టలేదట. సినిమా ఎక్కడైనా దొరుకుతుందేమో ఫోనులో వెతకనా అన్నాను. వద్దులే అంది.

ఇంటికి రాగానే పుస్తకం తీసి, ఎర్రసిరా పెన్నుతో ఆ పేజీలో "ఎవరో ఒక అమ్మాయి" అన్నది కొట్టేసి, పైన గుండ్రటి అక్షరాలతో నరసమ్మగారి పేరు రాసింది, పిల్లల కాపీ పుస్తకంలో తప్పు దిద్దినట్టు. తరువాత ఆ పుస్తకం వీధిలో అడిగినవాళ్ళందరికీ ఇచ్చింది. నటి మీద కోపం కూడా మెల్లగా తగ్గింది. పక్కన కూర్చుని గుర్తు చేసేవాళ్ళు ఆ అమ్మాయికి ఎవరూ లేరేమో పాపం అంది ఒకరోజు. "మా అమ్మాయి" అనడం మాత్రం మానేసింది.

ఆ వచ్చే ఆదివారం కమిటీ కూర్చున్నప్పుడు టీచరమ్మ లేచింది. నేను అక్కడ లేను, కూలి ఆడవాళ్ళు చెబితే విన్నాను. వాళ్ళు ఆ రోజు పని మానుకుని చర్చి బయట అరుగు మీద కూర్చున్నారట. సాయంత్రం ఆరాధన మళ్ళీ పెట్టాలని, మైకు అక్కర్లేదని, వాయించేవాళ్ళు అక్కర్లేదని, తాళం చెవి ఇస్తే తనే తెరుస్తానని చెప్పింది. సెక్రటరీ, సంఘం అనుమతి అడగాలి కదండీ అన్నాడు. అప్పుడు ఆ మాట అంది. ఈసారి ఎంతసేపు ఆగిందంటే, లోపల ఫ్యాను చప్పుడు బయట అరుగు మీదికి వినబడిందని పెద్దామె నాకు చెప్పింది. తాళం చెవి ఇచ్చారు. కోతలు అయిపోయేదాకా ప్రతి ఆదివారం సాయంత్రం టీచరమ్మే చర్చి తెరిచి, తుడిచి, చాపలు పరిచేది.

పోయిన నెల నిద్రలోనే పోయింది. ఆ సాయంత్రం సింగరాయకొండకు నేనే ఫోన్ చేశాను. మేనకోడలు ఫోను నరసమ్మగారి చెవి దగ్గర పెట్టింది. చెప్పాను. ఏదో ఒకటి అనాలి కాబట్టి, మీరు మాట చెప్పిన సినిమాలంటే ఆవిడకు ప్రాణమండీ అన్నాను.

"సినిమాలా," అన్నారామె. "ఆ మొదటి రోజు తప్ప మళ్ళీ ఎన్నడూ నా దగ్గర సినిమా మాట ఎత్తలేదమ్మా. ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. మోకాళ్ళు ఎట్లా ఉన్నాయని అడిగేది. నేను చెప్పిందంతా వినేది."

ఆ ఫోన్ల సంగతి నాకు తెలియదు. పక్క వాటాలో ఉండి కూడా తెలియదు.

వచ్చే ఆదివారం నువ్వు చేస్తావా అని అడిగారు. చేస్తానన్నాను.

చేశాను. మోకాళ్ళు ఎలా ఉన్నాయని అడిగాను. ఎడమది కాస్త నయమట. కుడిదాని గురించి మొదలుపెట్టారు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.